డ్రై ఇమ్ వెగ్లా: మూడు మాటల మూలానికి టీకా తాత్పర్యం

మూలం మూడే మాటలు: డ్రై ఇమ్ వెగ్లా. దేశం జర్మనీ, రాష్ట్రం బవేరియా, సీమ ఫ్రాంకోనియా, ఊరు న్యూరెంబర్గ్. కర్త అజ్ఞాతుడు. రచనాకాలం మూలంలో లేదు. అది కనిపించే చోటు మాత్రం నిశ్చయం. పాత ఊరి సందుల్లోనూ, డిసెంబరులో క్రిస్మస్ సంత జరిగే హౌప్ట్‌మార్క్ట్ అనే చౌకులోనూ, సాసేజ్ బడ్డీల ముందున్న పలకల మీద ధర పక్కనే ఉంటుంది. ఆకలితో వచ్చినవాడు దాన్ని చదివి, డబ్బిచ్చి, తిని తన దారిన పోతాడు. వ్యాఖ్యాతకు ఆ సౌఖ్యం లేదు. కాళిదాసుకు టీకలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ఆయన పట్టిన వ్రతం పండితలోకంలో ప్రసిద్ధం. అందులో మొదటిది పాటించడం తేలికే, రెండోదే కష్టం. మూలం చిన్నదయ్యేకొద్దీ టీకాకారుడికి అక్కర పెరుగుతుందని గ్రంథాలయాలు చూసిన ఎవరికైనా తెలుసు. అయినా ఇక్కడ విచారించవలసింది ఒక్కటే. ఈ చిరుతిండిలో పోషకవిలువ ఎంత, అది ఎక్కడుంది? మాంసంలో ఉందని కొందరు, అసలు లేనే లేదని మరికొందరు అంటారు. అది ప్రధానంగా మూలంలోని మొదటి మాటలో, అంటే సంఖ్యలో ఉందని ఈ టీక సిద్ధాంతం.

ముందు ప్రతిపదార్థం. డ్రై అనగా మూడు. వేపుడు డ్రైగా కావాలా, గ్రేవీతో కావాలా అని అడిగే హోటళ్లకు అలవాటుపడ్డ పాఠకుడు ఇక్కడ తొందరపడరాదు. ఇమ్ అనగా అందులో. వెగ్లా అనగా చిన్న బన్ను, పైన కరకరలాడే పెచ్చు, లోపల మెత్తని గుజ్జు ఉన్నది. మొత్తం అన్వయిస్తే ‘బన్నులో మూడు’. ఏవి మూడు? మూలం చెప్పదు. ఏం చేయాలి? అదీ చెప్పదు. కర్మపదమూ లేదు, క్రియాపదమూ లేదు. వ్యాకరణ దృష్టితో చూస్తే వాక్యం ఇంకా ఆకాంక్షతోనే ఉంది, బడ్డీ ముందు నిలబడ్డవాడూ ఆకాంక్షతోనే ఉన్నాడు. కాబట్టి ‘సాసేజ్‌లు’ అనే పదాన్నీ, ‘తినదగును’ అనే క్రియనూ అధ్యాహారం చేసుకోవాలి. ఇది వ్యాఖ్యాత స్వతంత్రించి చేర్చింది కాదు. ఆ ఊళ్లో బన్నులో మూడు అంటే ఏవి మూడో బడిపిల్లవాడు కూడా అడగడు. వస్తువు పేరు విడిచిపెట్టి లెక్క మాత్రం విడిచిపెట్టని వాక్యం ఇది. రాసినవాడికి ఏది ముఖ్యమో ఇక్కడే తెలిసిపోతున్నది.

ఇక అధ్యాహృతమైన సాసేజ్‌కు లక్షణం చెప్పాలి. దీని పూర్తి పేరు న్యూరెన్‌బెర్గర్ రోస్ట్‌బ్రాట్‌వుర్స్ట్. 2003లో యూరోపియన్ యూనియన్ దీనికి భౌగోళిక గుర్తింపు రక్షణ ఇచ్చింది. ఆ నిబంధనల ప్రకారం పొడవు 7 నుంచి 9 సెంటీమీటర్లు, బరువు 20 నుంచి 25 గ్రాములు, తొడుగు సన్నని గొర్రె పేగు, లోపల మరీ మెత్తగా కాకుండా రుబ్బిన పంది మాంసం, కొవ్వు నూటికి 35 పాళ్లకు మించరాదు. తయారీ న్యూరెంబర్గ్ నగరం ఎల్లల్లోనే జరగాలి. తార్కికులు ఏ లక్షణానికైనా అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవం అనే మూడు దోషాలు వెదుకుతారు. ఈ లక్షణం రాసిన ఉద్యోగులు న్యాయశాస్త్రం చదవకపోయినా ఆ దోషాలకు దొరకలేదు. పది సెంటీమీటర్లది చేస్తే అది వేరే సాసేజ్. ఎనిమిది సెంటీమీటర్లదే అయినా పొరుగూరిలో చేస్తే అదీ వేరే సాసేజ్. వాసన మాత్రం మనకు కొత్తది కాదు. ఇందులో తప్పక పడే ఆకు మార్జోరం, అంటే మన మరువం. మనవాళ్లు కనకాంబరాల మధ్య కట్టి జడలో పెట్టుకునే మరువాన్ని ఫ్రాంకోనియా కసాయి ఎండబెట్టి, నలిపి, మాంసంలో కలుపుతాడు. పచ్చిగా ఉన్నప్పుడు ఈ సాసేజ్ పాలిపోయిన బూడిదరంగులో, చూపుడువేలంత ఉంటుంది. ఎర్రదనం కోసం వాడే నైట్రైట్ ఉప్పు ఇందులో లేదు గనుక వేగిన తరువాత కూడా లోపల తెల్లగానే ఉంటుంది. బీచ్ కట్టెల నిప్పు మీద కడ్డీల జాలీపై వరసగా పేర్చి తిప్పుతూ ఉంటే పేగుతోలు బిగిసి, అక్కడక్కడ బుడిపెలు లేచి, గోధుమవన్నె చారలు పడతాయి. బన్నును పక్కనుంచి చీల్చి మూడింటినీ పక్కపక్కన పడుకోబెట్టి, మీద ఆవముద్ద గీస్తారు. కొనలు బన్ను అంచు దాటి కొద్దిగా బయటికి చూస్తుంటాయి.

ఇంత చిన్నదిగా ఎందుకు చేశారు? దీనికి ఊళ్లో కథలున్నాయి. రాత్రి కోట తలుపులు మూసేశాక వచ్చిన బాటసారులకు తాళంచెవి కంతలోంచి అందించడానికని ఒక కథ. ఖైదీలకు అదే కంతలోంచి అందించడానికని పాఠాంతరం. ధరలు పెరిగినప్పుడు మాంసం నాణ్యత తగ్గించడానికి ఒప్పుకోక పరిమాణం తగ్గించారని కొంచెం లోకజ్ఞానం ఉన్న మరొక వివరణ. అన్నిటికంటె రుచికరమైనది హాన్స్ స్ట్రోమర్ కథ. పదహారో శతాబ్దంలో ఈ పెద్దింటి మనిషిని బురుజులో జీవితఖైదు చేశారట. రోజుకు రెండు బ్రాట్‌వుర్స్ట్‌లు ఇవ్వాలని ఒక్క కోరిక కోరాడట. 38 ఏళ్లలో 28 వేలు తిన్నాడట. టీకాకారుడి విధి కనుక లెక్క వేస్తే 38 ఏళ్లకు 27,740 వస్తాయి, అధిక దినాలు కలిపినా 28 వేలు నిండవు. కథకులు రెండు వందల పైచిలుకు సాసేజ్‌లు కొసరు వేశారన్నమాట. మీమాంసకులు ఇటువంటి కథలను అర్థవాదాలంటారు. వాటంతట అవి ప్రమాణం కావు, ఒక విధిని పొగడటానికి దాని పక్కన చేరుతాయి. ఈ అర్థవాదాలన్నీ పొగడుతున్నది రుచిని కాదని గమనించాలి. కంత పరిమాణం, ధరకు తగ్గ కొలత, రోజుకు రెండు అనే లెక్క, ఇవే కథావస్తువులు.

ఇప్పుడు అంకెలు. ఈ సాసేజ్ ప్యాకెట్ల మీది పోషకాల పట్టికలు బ్రాండును బట్టి కొంత మారినా, నూరు గ్రాములకు సుమారు 300 క్యాలరీలు, కొవ్వు 25 గ్రాముల పైమాట, ప్రొటీను 14 గ్రాముల దరిదాపు, ఉప్పు 2 గ్రాములకు దగ్గర. మూడు సాసేజ్‌లంటే 60 నుంచి 75 గ్రాములు. పై హద్దే తీసుకుంటే మాంసం వల్ల సుమారు 225 క్యాలరీలు, 20 గ్రాముల కొవ్వు, 10 గ్రాముల ప్రొటీను, ఒకటిన్నర గ్రాముల ఉప్పు. నిబంధన అనుమతించిన 35 పాళ్లూ కొవ్వే నింపినా అది సుమారు 26 గ్రాములే. 50 గ్రాముల బన్ను ఇంకో 130, 140 క్యాలరీలు, నాలుగైదు గ్రాముల ప్రొటీను, అరగ్రాము పైన ఉప్పు తెస్తుంది. ఆవముద్ద క్యాలరీల్లో లెక్కకు రాదు, ఉప్పులో కొంచెం వస్తుంది. మొత్తం మీద 360, 370 క్యాలరీలు, 15 గ్రాముల ప్రొటీను, 2 గ్రాములు దాటిన ఉప్పు. దీనితోపాటు పంది మాంసానికి సహజమైన బి1 విటమిను, మొక్కల్లో దొరకని బి12, కొంత జింకు. పీచు చాలా తక్కువ, విటమిన్ సి లేనట్టే. యూరప్ లేబుళ్లు పెద్దవాళ్లకు ప్రమాణంగా తీసుకునేది రోజుకు 2000 క్యాలరీలు, 70 గ్రాముల కొవ్వు. ఆ లెక్కన ఈ చిరుతిండి క్యాలరీల్లో ఐదో వంతుకు లోపు, కొవ్వులో మూడో వంతుకు లోపు. మధ్యాహ్నం పూట నిలబడి తినే తిండికి ఇది భయపడవలసిన పద్దూ కాదు, మురిసిపోవలసిన పద్దూ కాదు.

ఇక్కడే సిద్ధాంతానికి రావాలి. ‘బన్నులో మూడు తినదగును’ అన్న వాక్యం ఏ జాతి విధి? మీమాంసలో మూడు జాతులున్నాయి. ఎవరికీ తెలియని పనిని కొత్తగా చెప్పేది అపూర్వవిధి. ఒక పనికి చాలా దారులున్నప్పుడు ఒక దారినే పట్టించేది నియమవిధి. వడ్లను గోళ్లతో వొలిచినా బియ్యం వస్తాయి, అయినా దంచాలి అంటుంది శాస్త్రం. మూడోది పరిసంఖ్య. అయిదు గోళ్ల జంతువుల్లో అయిదింటిని తినవచ్చు అన్న ప్రసిద్ధ వాక్యం దీనికి ఉదాహరణ. ఆ వాక్యం తినమని చెప్పడం లేదు, తినమని ఎవరూ చెప్పనక్కరలేదు కూడా, ఆకలి చెబుతుంది. మిగిలినవి తినవద్దని చెప్పడమే దాని పని. మన మూలం కచ్చితంగా ఈ మూడో జాతిది. సాసేజ్ తినాలని ఫ్రాంకోనియా మనిషికి పలక చెప్పాలా? నిప్పు మీంచి వచ్చే మరువం వాసన అంతకుముందే చెప్పింది. బన్నులో పెట్టుకోవాలన్నదీ కొత్త సంగతి కాదు, చేతులు కాలకుండా ఉండాలంటే అదే దారి. కొత్తగా తెలిసేది ఒక్కటే: నాలుగోది లేదు. ‘మూడు’ అన్న మాట మూడింటిని ఇవ్వడానికి రాలేదు, నాలుగోదాన్ని ఆపడానికి వచ్చింది. పోషకవిలువ ఈ నిషేధంలో ఉంది. అదే మాంసం, అదే కొవ్వు, అదే ఉప్పు ఏ కొలతా లేకుండా పళ్లెంలో పడితే వాటి విలువను ఎవరూ చెప్పలేరు, తిన్నవాడితో సహా.

పూర్వపక్షి ఊరుకోడు. పరిసంఖ్యకు మూడు దోషాలున్నాయని శాస్త్రమే చెప్పింది కదా అంటాడు. పైకి వినిపించే అర్థాన్ని వదిలేయడం శ్రుతహాని, వినిపించని అర్థాన్ని కల్పించడం అశ్రుతకల్పన, సహజంగా దక్కేదాన్ని అడ్డుకోవడం ప్రాప్తబాధ. బడ్డీవాడు మూడిస్తానని అంటే నాలుగోది ఇవ్వనన్నాడని చదవడం మొదటి రెండు దోషాలూ చేయడమే. ఇక మూడోది చేయడానికి జర్మనీలో ఎవరికి ధైర్యం? పైగా మూడు అన్నది ఆరోగ్యం ఆలోచించి పెట్టిన లెక్క కాదు, బన్నులో పట్టేవి అన్నే, ధర కట్టడానికి అదే వీలు. ఆక్షేపణ బలమైనది. కానీ సమాధానం ఆక్షేపణ కడుపులోనే ఉంది. బన్నులో పట్టేవి అన్నే అని ఒప్పుకుంటే నిషేధాన్ని వ్యాఖ్యాత కల్పించనక్కరలేదు, వస్తువే పలుకుతున్నది. అశ్రుతకల్పన దోషం మాటల నుంచి అర్థం లాగినప్పుడు వస్తుంది గాని పొడవు, బరువు, బన్ను వెడల్పు అనే ప్రత్యక్షప్రమాణాల నుంచి లాగినప్పుడు రాదు. ఇక ఆరోగ్యం ఆలోచించి పెట్టలేదన్న మాట నిజమే అయినా నిరర్థకం. నగరం సాసేజ్ పొడవును బిగించింది, రొట్టెలవాడు బన్ను వెడల్పును బిగించాడు, బడ్డీవాడు ధరను బిగించాడు. ముగ్గురిలో ఒక్కడికీ గుండె రక్తనాళాల చింత లేదు. అయినా ముగ్గురూ కలిసి 75 గ్రాముల దగ్గర గీత గీశారు. పుణ్యం చేయాలనే ఉద్దేశం లేకుండా చేసిన పనికీ ఫలం ఉంటుందని ఒప్పుకునే సంప్రదాయం మనది. కడుపు విషయంలో అది మరీ నిజం.

రెండో పూర్వపక్షి లేబుల్ పట్టుకొని వస్తాడు. విలువ అంటే నూరు గ్రాములకు ఇంత అని చట్టమే చెబుతుండగా మూడు, నాలుగు అనే వీధి లెక్కలు ఎందుకు? యూరప్ చట్టం ప్యాకెట్ తిండి మీద నూరు గ్రాముల లెక్క రాయమంటున్న మాట నిజం. ఒక సరుకును మరొక సరుకుతో పోల్చడానికి అది మంచి కొలబద్ద. కానీ నూరు గ్రాములు ఎవరూ తినే కొలత కాదు. ఈ సాసేజ్‌లో అది నాలుగు కావచ్చు, అయిదు కావచ్చు, మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. నాలుగున్నర సాసేజ్‌లు అడిగినవాణ్ణి న్యూరెంబర్గ్‌లో వింతగా చూస్తారు. పైగా బడ్డీలో అప్పటికప్పుడు కాల్చి విడిగా ఇచ్చే తిండికి పోషకాల పట్టిక తప్పనిసరి కాదు, ఆవాలు, గోధుమ వంటి అలర్జీ పదార్థాలున్నాయని తెలియజేస్తే చాలు. కాబట్టి నిప్పు ముందు నిలబడ్డవాడికి ఎంత తింటున్నాడో చెప్పే అక్షరం మరొకటి లేదు. అక్కడున్న పరిమాణవాచకం ‘డ్రై’ ఒక్కటే. ఉన్న ఒక్క ప్రమాణాన్ని తోసేసి, లేని పట్టికను ప్రమాణం చేసుకోవడం ఏ శాస్త్రంలోనూ కుదరదు.

సంఖ్య మోసం చేయగలదని కూడా ఒప్పుకోవాలి. ఉత్తరాన పక్కనే ఉన్న థురింగియాలో బన్నులో ఒక్కటే ఇస్తారు. కాని ఆ థురింగియా రోస్ట్‌బ్రాట్‌వుర్స్ట్ 15 సెంటీమీటర్లకు తగ్గదు, బన్నుకు రెండువైపులా బాగా బయటికి ఉంటుంది, బరువు నూరు గ్రాముల పైమాటే. ‘ఒకటి’ తిన్నవాడు ‘మూడు’ తిన్నవాడికంటె ఎక్కువ తిన్నాడు. కాబట్టి సంఖ్య ఒక్కటే చాలదు, సంఖ్య వెనుక నిర్ణీతమైన ప్రమాణం కూడా ఉండాలి. న్యూరెంబర్గ్ వాక్యానికి ఆ ప్రమాణం చట్టంలోంచి వచ్చింది. అందుకే మూడు అన్న మాటకు ఆ ఊళ్లో అర్థం ఉంది.

ప్రొటీను భక్తుల సంగతి కొద్దిలో తేల్చవచ్చు. మాంసం కదా, ప్రొటీను కదా అని సాసేజ్‌ను వ్యాయామశాల తిండిగా పొగడేవారు ఉన్నారు. గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు, గ్రాము ప్రొటీనుకు 4. నూరు గ్రాముల్లో 25 గ్రాముల కొవ్వంటే 225 క్యాలరీలు, 14 గ్రాముల ప్రొటీనంటే 56. మూడువందల్లో నాలుగింట మూడు పాళ్లు కొవ్వుదే. ఇది ప్రొటీను వెంట తెచ్చుకున్న కొవ్వు తిండి, అంతే. అందులోనూ దాదాపు అయిదింట రెండు పాళ్లు సంతృప్త కొవ్వు. అయితే మూడింటిలోని 10 గ్రాములకు బన్ను గోధుమ ప్రొటీను తోడై 15 అవుతుంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల ప్రొటీను చాలు గనుక, అందులో పదింట మూడు పాళ్లు ఇక్కడ దొరికినట్టే. పొగడ్త అంతవరకే చెల్లుతుంది.

అన్నిటికన్నా గట్టి ఆక్షేపణ ఇంకా మిగిలి ఉంది. 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. రోజూ 50 గ్రాముల చొప్పున తినేవారికి పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. పొగాకు కూడా అదే వర్గం కనుక సాసేజ్ సిగరెట్‌తో సమానమని పత్రికలు తాత్పర్యం రాశాయి. అది అపవ్యాఖ్య. ఆ వర్గీకరణ సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. న్యూరెంబర్గ్ సాసేజ్‌లో నైట్రైట్ లేదు, పొగబెట్టి నిలవచేసేదీ కాదు, కనుక ఇది ఆ వర్గంలోకి రాదని వాదించేవాళ్లుంటారు. ఆ వాదంలో కొంత పస ఉన్నా దాని మీద ఇల్లు కట్టడం మంచిది కాదు. ప్రాసెస్ చేయని ఎర్ర మాంసాన్నీ అదే సంస్థ ‘బహుశా కారకం’ అన్న వర్గంలో పెట్టింది, పైగా నిప్పు మీద కాల్చడం దాని దోషం దానికుంది. ఇక్కడ మన మూలం మౌనం వహిస్తున్నది. పూటకు మూడని చెప్పింది, వారానికి ఎన్ని పూటలో చెప్పలేదు. జర్మన్ పోషకాహార సంఘం 2024లో సవరించిన సలహాలో మాంసమూ సాసేజ్‌లూ అన్నీ కలిపి వారానికి 300 గ్రాములు మించవద్దంది. మూడు సాసేజ్‌లు 75 గ్రాములు గనుక నాలుగు బన్నులతో వారం కోటా పూర్తి, ఇంట్లో ఇక మాంసం వండనే కూడదు. మూలం మౌనాన్ని అనుమతిగా చదివేవాడు రోజుకో బన్ను తిని 525 గ్రాములకు చేరతాడు. అది మూలం తప్పు కాదు. పూటకు వేసిన గీత పూటకే పనికివస్తుంది, వారానికి ఇంకొక గీత వేరే గ్రంథంలోంచి తెచ్చుకోవాలి. బురుజు ఖైదీ స్ట్రోమర్ రోజుకు రెండు, ఆనాటి కొలత ఈనాటిదే అనుకుంటే పై హద్దున 50 గ్రాములు, అన్నేళ్లు తిని బతికాడు కదా అని ఎవరైనా అడగవచ్చు. ఒక్క దృష్టాంతంతో వ్యాప్తి సిద్ధించదు. అదీగాక అతడి పళ్లెంలో ఇంకేముందో కథలో లేదు.

ఉప్పు విషయంలో సిద్ధాంతికి దాక్కునే చోటు లేదు. రోజుకు 5 గ్రాములు దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థా, తార్నాక సంస్థా ఒక్కగొంతుతో అంటున్నాయి. జర్మన్ సంఘం ఉదారంగా 6 అంటుంది. ఒక్క బన్నులో 2 గ్రాములు దాటాయంటే రోజు ఉప్పులో నలభై శాతానికి పైగా నాలుగైదు నిమిషాల్లో అయిపోయింది. మాంసం తొడుగులో కట్టుబడాలంటే ఉప్పు కావాలి. అది మాంసపు ప్రొటీనును కొంత కరిగించి జిగురు తెస్తుంది, అది లేకపోతే సాసేజ్ కొరికినప్పుడు పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి కసాయి తగ్గించగలిగింది కొంతే. మూడు అన్న పరిమితి లేకపోతే ఈ దోషం ఎంత దూరం పోతుందో చూడాలంటే అదే ఊరి భోజనశాలకు వెళ్లాలి. అక్కడ ఇవే సాసేజ్‌లు తగరపు పళ్లెంలో ఆరు, ఎనిమిది, పది, పన్నెండు చొప్పున వస్తాయి. పక్కన జావర్‌క్రౌట్ అనే పులిసిన క్యాబేజీ తరుగో, బంగాళాదుంప సలాడో ఉంటుంది. పన్నెండంటే 300 గ్రాములు, సుమారు 900 క్యాలరీలు, 6 గ్రాముల ఉప్పు. క్యాబేజీ పీచునూ కొంత విటమిన్ సినీ తెచ్చి బన్నులోని లోటు పూరిస్తుంది గాని అదీ ఉప్పులో ఊరిందే. జర్మన్ సంఘం వారమంతటికీ ఇచ్చిన మాంసం ఒక్క పూటలో అయిపోయింది. వస్తువు మారలేదు, వంటవాడు మారలేదు, మారింది సంఖ్య. మా సిద్ధాంతానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

నిప్పు సంగతి చెప్పి ముగించాలి. చిన్న సాసేజ్‌కు బరువుతో పోలిస్తే పైతోలు ఎక్కువ, కాబట్టి వేగిన రుచీ ఎక్కువ. అందుకే మూడు చిన్నవి ఒక పెద్దదానికంటె తృప్తినిస్తాయి. కానీ తోలు ఎక్కువైనచోట మాడేదీ ఎక్కువే. కొవ్వు కారి కట్టెల మీద పడితే లేచే పొగలో హానికరమైన పదార్థాలు ఉంటాయి, అవి తిరిగి తోలుకే అంటుకుంటాయి. నేర్పున్న బడ్డీవాడు మంట లేవనివ్వడు, గోధుమవన్నె రాగానే పక్కకు జరుపుతాడు. నల్లబడ్డవి కోరి అడిగేవాళ్లూ ఉంటారు, వాళ్ల నాలుకకు ఈ టీక వర్తించదు. నిప్పే వద్దనుకునేవారికి ఫ్రాంకోనియావాళ్లు బ్లావె జిప్ఫెల్ అనే పద్ధతి పెట్టుకున్నారు. ఈ సాసేజ్‌నే కాల్చకుండా వెనిగరు, ఉల్లిపాయలు, మసాలా దినుసులు వేసిన నీళ్లలో సన్నసెగ మీద ఉడికిస్తారు. తోలు కొంచెం నీలిచాయ తేలి, కొరికితే పుల్లగా ఉంటుంది. పొగ దోషం పోతుంది, ఉప్పు దోషం పోదు. కానీ దాన్ని గిన్నెలో వడ్డిస్తారు, బన్నులో పెట్టరు, మూడు అన్న కట్టుబాటూ అక్కడ ఉండదు. కాబట్టి అది ఈ మూలానికి వెలుపలి విషయం.

పాఠాంతర విచారం. కొన్ని పలకల మీద ‘వెగ్లా’కు బదులు ‘వెక్లా’ అని ఉంటుంది. గకార కకార భేదం వల్ల బన్ను బరువులోగాని సాసేజ్‌ల సంఖ్యలోగాని మార్పు రాదు కనుక ఆ చర్చను స్థానిక పండితులకు వదిలిపెట్టడమైనది.